గాలి ఆగేదాకా

జగిత్యాల
ఏప్రిల్ 8

మెహజబీన్‌కు సుమలత రాస్తున్నది.

తోటలోకి మకాం మార్చారని మీ మరిది ఫహీమ్ చెప్పాడు. అతని వ్యానులోనే ఈ ఉత్తరం పంపుతున్నాను. ఈ కాలంలో మామిడికాయల బండిలో ఉత్తరాలు పంపుకునే పిచ్చివాళ్లం మనమిద్దరమే అయి ఉంటాం. ఏం చేయను? మీ ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోను మీ ఆయన తాజుద్దీన్ అన్న జేబులో ఉంటుంది. నేను చేస్తే ఆయనే ఎత్తి, "బాగున్నవా చెల్లె? ఈ వారం గాలి ఉన్నదా, లేదా?" అంటాడు. ఉందంటే ఆయన గొంతు పడిపోతుంది. లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. నీదాకా మాట రానే రాదు.

ఎండలు ముదిరాయి, నా పనీ ముదిరింది. పొద్దున్నే మా వాతావరణ ఆఫీసు వెనక తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి లోపలి థర్మామీటర్లు చూస్తాను. మధ్యాహ్నం నుంచి హైదరాబాద్ రాడార్ బొమ్మ ముందు కూర్చుంటాను. పక్కన వీరేందర్ కూర్చుంటాడు, అతనూ నాలాగే ఈ బొమ్మలు చూసే మనిషి. మబ్బు మన దిక్కు వస్తుందని హెచ్చరిక రాగానే దాన్ని మన మాటల్లో చదివి, ఆ గొంతును ఊర్ల ఫోన్ గ్రూపులకు పంపిస్తాను. మూడు గంటల ముందు చెప్పగలం, అంతే. ఏ మండలమో చెప్పగలం గానీ ఏ చెట్టో చెప్పలేం. పడమటి ఎండుగాలి, తూర్పు తడిగాలి మన నెత్తి మీదే కలుస్తాయి. మధ్యాహ్నం దాకా ఆకాశం ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మ మీ తోట పక్క వాడలోనే ఉంది కదా. గాలికి రాలిన కాయ ఏరినవాళ్లదే అన్న ఊరి కట్టుబాటు నీకు నేను చెప్పక్కరలేదు. గాలి వీస్తున్నంతసేపు రాలింది వాడవాళ్లది, గాలి ఆగాక నేల మీద మిగిలింది తోట గుత్తకు పట్టిన మీలాంటివాళ్లది. చిన్నప్పుడు నేనూ ఏరాను. అమ్మ ఒరుగులు కోసి ఎండబెట్టి అమ్మేది, ఆ ఒరుగులతోనే నా బడి పుస్తకాలు వచ్చాయి. కానీ ఇప్పుడామెకు వయసైంది. పోయిన వేసవిలో మా వాడ ఎర్రయ్య మామ చెట్టు కింద పిడుగుపడి పోయాడు. ఆయన జేబులో ఫోనుంది, అందులో చెట్ల కిందికి పోవద్దని నేను పంపిన హెచ్చరిక ఉంది.

ఈస్టర్‌కు వెళ్లినప్పుడు అమ్మచేత ఒట్టు వేయించుకున్నాను, గాలిలో తోటకు పోనని. నువ్వు కాస్త కనిపెట్టి ఉండవే. నాకున్నది ఆ ఒక్క మనిషి. జాన్ ఉన్నాడు గానీ, తమ్ముడు తమ్ముడే, అమ్మ అమ్మే.

జవాబు వ్యానులోనే పంపు. ఫహీమ్‌కు చాయ్ నేను పోయిస్తాను.

నీ సుమ


కోరుట్ల, తోట నుంచి
ఏప్రిల్ 11

మొగులు సుమలతకు,

నీకు ఈ మబ్బుల పేరు నేను పెట్టలేదు, వాడ పెట్టింది. నీ గొంతు ఫోనులో మోగగానే "మొగులు సుమలత మాట్లాడుతున్నది, సప్పుడు చెయ్యకుండ్రి" అంటారు. బడిలో ఉన్నప్పుడు పాఠం చదవమంటే నోరు పెగిలేది కాదు నీకు. ఇప్పుడు జిల్లా అంతా నీ నోరే.

మా సంగతి ఏం చెప్పను? రేకుల గుడిసె, చుట్టూ చెట్లు, పగలంతా చీమలు. ఈయన నాతో మాట్లాడడం మానేసి ఆకాశంతో మాట్లాడుతున్నాడు. ఈ ఏడు పూత నిలిచింది, కాయ దిగింది, కొమ్మలు నేలకు వంగాయి. పోయిన రెండేళ్లు తోట మమ్మల్ని ముంచింది కదా, ఈసారి కాయ చూసినకొద్దీ ఆయనకు సంతోషం బదులు భయం పెరుగుతోంది. ఆకు కదిలితే లేచి కూర్చుంటాడు. "గింత కాసింది, నిలుస్తదా?" అని నన్నడుగుతాడు. నేనేమైనా నీ రాడార్‌నా?

మీ అమ్మ బాగుంది. నిన్న వచ్చి ఇంత చింతచిగురు ఇచ్చి, నా వంటకు నాలుగు వంకలు పెట్టి పోయింది. నువ్వు కొనిచ్చిన ఫోను కొంగుకు కట్టుకుని తిరుగుతోంది. గాలి సంగతి అడిగావు. ఒట్టు వేసింది కదా, ఇంకేం? మొన్న గొల్లపల్లి దిక్కు ఉరిమినప్పుడు ఇంట్లోనే ఉంది. నువ్వు ఊరికే దిగులు పెట్టుకోకు.

చాయ్ మాట ఫహీమ్ చదివేశాడు. సమోసా కూడా కావాలట.

మెహజబీన్


జగిత్యాల
ఏప్రిల్ 19

మెహజబీన్‌కు,

మొన్నటి గాలి మేము చెప్పినట్టే వచ్చింది. హెచ్చరిక పంపిన గంటన్నరకు మీ దిక్కు దుమారం లేచింది. ఆఫీసులో అందరూ సంతోషపడ్డారు, చెప్పింది చెప్పినట్టు జరిగిందని. నేనూ పడ్డాను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

కోరుట్ల గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. వీరేందర్ దాన్ని చూపించి, "అక్కా, నీ మాట మంచిగనే పనిచేస్తున్నది, చూడు ఎంత తయారుగ ఉన్నరో" అని నవ్వాడు. మీ తోటే అది. ఇంకా గాలి మొదలు కాలేదు, ఆకులు కదలడం లేదు. చెట్ల కింద ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు, ఒళ్లో గోనెసంచులు పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు. నేను చెట్ల కిందికి పోవద్దని చెప్పిన తర్వాత తీసిన ఫోటో.

అందులో ఒకామె వీపు ఇటు పెట్టి, ఒక కాలు చాపి కూర్చుంది. ముఖం కనబడదు. నేను ఆ ఫోటోను పెద్దది చేసి చేసి చూశాను. అట్లా కాలు చాపి కూర్చునే మనిషి నాకు ఒక్కతే తెలుసు.

నువ్వేమో అమ్మ ఇంట్లోనే ఉందని రాశావు. మనమిద్దరం ఎప్పుడూ ఒకరితో ఒకరం అబద్ధమాడుకోలేదు. ఆమె ఎవరే?

అమ్మకు ఫోన్ చేస్తే "నేను మంచిగున్న, నీకేం పనిలేదా?" అని పెట్టేసింది. ఆమె కుడిచేతి బదులు ఎడమచేత్తో ఫోను పట్టుకున్నదేమో అనిపించింది, మాట దూరంగా వినిపించింది. నా పిచ్చి కావచ్చు. నిజం రాయి.

సుమ


కోరుట్ల, తోట నుంచి
ఏప్రిల్ 21

సుమా,

ఆమె మీ అమ్మే.

మొదటి నుంచీ వస్తూనే ఉంది. నీకు చెప్పొద్దని నా గడ్డం పట్టుకుని బతిమాలింది. "దాని ఉద్యోగం దానిది బిడ్డా, నా కడుపు నాది. అది ఈడికి అచ్చి ఏడుస్తది, నువ్వు చెప్పకు" అంది. చిన్నప్పటి నుంచి నాకు అన్నం పెట్టిన చేయి కదా, కాదనలేకపోయాను. ఎడమచేయి సంగతి నువ్వు ఎట్లా కనిపెట్టావో గానీ అది నిజం. మొన్న గాలిలో కొమ్మ విరిగి కుడి మోచేతి మీద పడింది. కోరుట్లలో కట్టు కట్టించాను. ఎముక చిట్లిందన్నారు.

కొమ్మ జానెడు ఇవతల పడి ఉంటే తల మీదే. ఆమె లేచి, చేయి వేలాడుతుంటే, రెండో చేత్తో ఇంకా ఏరుతూనే ఉంది. నేను అరిచాను. "గాలి ఆగుతది బిడ్డా, గాలి ఆగితే ఇంక నాదేముంటది?" అంది. నాకు ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రాయాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించాను. మన చిన్నప్పుడు గాలి లేచిన తర్వాత ఇంట్లోంచి ఉరికేవాళ్లం. సంచి వెతుక్కుని, తోట చేరేసరికి సగం గాలి అయిపోయేది. ఇప్పుడు అట్లా కాదు. నీ గొంతు రాగానే మీ అమ్మ ఫోను వాడ నడుమ పెట్టి అందరికీ వినిపిస్తుంది. "నా బిడ్డ చెప్పిందంటే గాలి అత్తదన్నట్టే" అని సంచి తీసుకుంటుంది. వెనకే అందరూ. గాలి రాకముందే చెట్టు చెట్టుకూ మనుషులు. నువ్వు చెట్ల కిందికి పోవద్దన్న మాట ఎవరికీ ఎక్కదు, గాలి వస్తుందన్న మాట ఒక్కటే ఎక్కుతుంది.

ఎర్రయ్య మామ వాన తప్పించుకోవడానికి చెట్టు కిందికి పోలేదు సుమా. కాయలకు పోయాడు. నీ మాట విని, అందరికన్నా ముందు పోయాడు.

నన్ను తిట్టుకో. కానీ ఉత్తరం మాత్రం రాయి.

మెహజబీన్


సిరిసిల్ల
మే 1

మెహజబీన్‌కు,

నిన్ను తిట్టలేదు. తిట్టడానికి నాలో ఓపిక లేదు. నీ ఉత్తరం చదివి బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకున్నాను. వీరేందర్ తలుపు కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

మర్నాడే వచ్చి అమ్మను సిరిసిల్లకు జాన్ దగ్గరికి తీసుకొచ్చిన సంగతి నీకు తెలుసు. ఇక్కడ మామిడి చెట్లు లేవు. గల్లీ నిండా సాంచాలే, మరమగ్గాలను ఇక్కడివాళ్లు అట్లా అంటారు. పొద్దున మొదలైతే గోడలు అదురుతుంటాయి. అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. "గీ సప్పుడుల మనిషి మాట మనిషికి ఇనవడది. ఈడ నేనేం జెయ్యాలె? నూలు కండెలు లెక్కవెట్టాలెనా?" అని జాన్‌ను తిట్టింది. తిట్టుకోనీ, ప్రాణంతో ఉండి తిడుతోంది కదా అనుకున్నాను.

సోమవారం నేను జగిత్యాలలో డ్యూటీలో ఉన్నప్పుడు మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఫోను చేతిలో పట్టుకుని చదవబోయాను. నాకు ఎదురుగా ఆ ఫోటో కనిపించింది. నేను నోరు తెరిస్తే వాడలో సంచులు లేస్తాయి. తెరవకపోతే సారంగాపూర్‌లో వడ్ల కుప్పల దగ్గర ఉన్నవాళ్లు, గొర్ల వెంట పోయినవాళ్లు ఏం కావాలి? ఎవరిని చంపమంటావు? నిజంగా అట్లాగే అడిగాను, దేవుణ్ణి, ఆఫీసులో, రాడార్ ముందు. చివరికి చదివాను. గొంతు వణికిందని వీరేందర్ మళ్లీ చదివించాడు. ఆ రోజు మబ్బు రాయికల్ దిక్కు తప్పుకుని పోయింది. అందరూ బతికారు. నేను మాత్రం ఇంటికి వచ్చి ఆ ఫోటో మళ్లీ తీసి చూశాను.

ఇంక ఈ పని చేయలేనేమో అనిపిస్తోంది. తెలియకపోవడమే నయం, గాలి దానంతట అది వస్తే తప్పు గాలిది.

ఉత్తరం మడుస్తుంటే జాన్ వచ్చాడు. అమ్మ లేదు. పక్కింట్లోనే ఉందనుకున్నాను, వాళ్లకు చెప్పి పొద్దున్నే వేములవాడ బస్సెక్కిందట, అక్కడి నుంచి కోరుట్ల పోతానందట. కట్టు చేయితోనే. నీ దగ్గరికే వస్తుంది. పట్టుకోవే, దయచేసి పట్టుకో.

సుమ


కోరుట్ల, తోట నుంచి
మే 5

సుమా,

వచ్చింది. "సుమకు ఫోన్ చేస్త" అన్నాను. "చెయ్యి, నేనేం దొంగనా?" అంది. ఆమెను పట్టుకోవడం నా వల్ల కాదు. నీ వల్లా కాలేదు కదా.

నాకు కోపమొచ్చింది సుమా, మీ అమ్మ మీద కాదు, నీ మీద కాదు. ఈ కట్టు మీద. గాలి ఆగకముందే ఏరాలన్నది ఎవడు పెట్టాడు? గాలి ఆగాక కూడా కాయ వాళ్లదే అయితే ఎవరైనా ప్రాణం తీసుకోవడానికి ముందే పోయి కూర్చుంటారా? రాత్రి అన్నం పెడుతూ ఈయనతో అన్నాను. ముద్ద కింద పెట్టేశాడు.

"గాలి ఆగినంక ఉన్నది గూడ వాళ్లకిస్తే మనమేం తినాలె? ఆకులు తినాలెనా?"

"మనిషి పోతే?"

"నేను రమ్మన్ననా? మా నాయన గుత్త పట్టిన కాలం సంది గిదే కట్టు. వీళ్లకోసం నేను మార్చాల్నా? రెండేండ్లు మునిగిన, నీకు యాదికి లేదా?"

ఆయన చెడ్డవాడు కాదు సుమా. భయపడ్డవాడు. భయపడ్డ మనిషికి పక్కవాడు కనిపించడు. అరిచాను, ఏడ్చాను, రెండు పూటలు మాట్లాడలేదు. కదల్లేదు.

అందుకని ఒక పని చేశాను. శుక్రవారం జుమ్మా నమాజ్‌కు పోయేటప్పుడు ఆయన ఫోను ఇంట్లో పెట్టి పోతాడు. ఆ ఫోనులోనే నా గొంతు రికార్డు చేసి నీకు పంపాను, తర్వాత ఆయన ఫోనులోంచి తుడిచేశాను. విన్నావో లేదో, ఇక్కడ కూడా రాస్తున్నా. "నేను తోట తాజుద్దీన్ ఇంటిదాన్ని, మెహజబీన్‌ను. గాలి ఉన్నంతసేపు తోటల అడుగువెట్టినోళ్లకు ఒక్క కాయ లేదు. అందరు బడి అరుగు మీద కూసోండ్రి. గాలి ఆగినంక రాలినయన్ని మీయే. అల్లా మీద ఒట్టు."

ఈసారి నీ హెచ్చరిక వెనక ఇది అతికించి పంపు. నీ మాట ఒక్కటే పోతే చెట్ల కిందికి పోతారు. నా మాట కూడా పోతే బడి దగ్గర కూర్చుంటారు. అది సిమెంటు కప్పు, గట్టిది.

ఆయనకు తెలియదు. తెలిసిన రోజు చూద్దాం. తలాక్ ఇస్తే మీ ఆఫీసులో థర్మామీటర్లు తుడిచే ఉద్యోగం ఇప్పించు.

మెహజబీన్


జగిత్యాల
మే 12

మెహజబీన్,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

పొద్దున థర్మామీటర్లు చూసినప్పుడే అర్థమైంది. గాలిలో ఇంత తడి ఈ వేసవిలో చూడలేదు. మధ్యాహ్నానికి మహారాష్ట్ర దిక్కు నుంచి మబ్బు లేచింది. రాడార్ మీద నడుమ ముదురు ఎరుపు, ఆ ఎరుపులో ఇంకో రంగు. ఆ రంగుంటే రాళ్లవాన. అది తిన్నగా మెట్‌పల్లి మీదికి, తర్వాత మీ మీదికి వస్తోంది. ఈసారి తప్పుకునే దారి కనబడడం లేదు.

హెచ్చరిక చదివాను. వణకలేదు. వెనక నీ గొంతు పెట్టాను. వీరేందర్ విని నా ముఖంలోకి చూశాడు. "ఆమె మొగనికి ఎరికేనా అక్కా?" అన్నాడు. తెలుసని అబద్ధం చెప్పి పంపించాను.

అమ్మకు ఫోన్ చేశాను. "ఇన్న బిడ్డా, మెహజబీన్ మాట గూడ ఇన్న. నమ్మాల్నా?" అంది. నమ్ము అమ్మా, నమ్ము అన్నాను. ఊఁ అంది. ఆ ఊఁ ఏ తీరుగా అందో తెలియక చస్తున్నాను. ఇప్పుడు చేస్తే కలవడం లేదు. నీకు చేస్తే, అంటే తాజుద్దీన్ అన్నకు చేస్తే, ఎత్తడం లేదు.

ఎరుపు కోరుట్ల మీదికి వచ్చింది. ఇక్కడ మాకు ఇంకా ఎండే కొడుతోంది. ఈ ఎండపూట తెర ముందు కూర్చుని చూస్తున్నాను, మీ మీద రాళ్లు పడుతుంటే.

కరెంటు పోయింది. తెర నల్లగా అయిపోయింది.


కోరుట్ల
మే 18

సుమా,

ఆ సాయంత్రం నువ్వు వచ్చి, మీ అమ్మను బండిలో ఎక్కించుకుని జగిత్యాల ఆసుపత్రికి పోయావు. ఏం జరిగిందని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ మాట, నా మాట వాడలో మోగాయి. ముందు ఎవరూ నమ్మలేదు. నేనే పోయి బడి అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు మీ అమ్మ వచ్చింది. "ఒట్టు వెట్టింది, సూద్దాం" అని నా పక్కన కాలు చాపుకుని కూర్చుంది. ఆమె కూర్చుందని అందరూ కూర్చున్నారు. సంచులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కరు కూడా తోటలోకి పోలేదు. నాకు ఎంత సంతోషమైందో సుమా. గెలిచాననుకున్నాను.

ఈయన అప్పుడు తోట వాకిట్లో ఉన్నాడు. ఆయన ఫోను కూడా ఆ గ్రూపులో ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. నా గొంతు నా మొగుడి జేబులోంచి వచ్చింది. మొత్తం విన్నాడు. బడి దగ్గరికి వచ్చాడు, నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా ముఖం చూసి, "గాలి ఆగితే నాది గాదు గదా? ఆగకముందే నేనే ఏరుకుంట" అన్నాడు. బుట్ట తీసుకుని తోటలోకి నడిచాడు. అప్పుడే ఆకాశం నల్లబడింది.

మీ అమ్మ కోసం ఊరి కట్టు తిప్పాను. తిప్పిన కట్టు నా మొగుణ్ణి చెట్ల కిందికి తోసింది. నాకు ఆ ఒక్కటీ తోచలేదు సుమా, ఎందుకు తోచలేదు?

గాలి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత రాళ్లు. నిమ్మకాయంత రాళ్లు. రేకుల గుడిసె లేచిపోయి కంచెకు చుట్టుకుంది. ఆయన వంగి వంగి ఏరుతున్నాడు, తల మీద రాళ్లు పడుతుంటే. అరిచాను. వినపడలేదు. నేను అరుగు దిగలేదు. నిజం రాస్తున్నాను, నాకు ఆయన కన్నా నా ప్రాణమే తీపి అయింది ఆ నిమిషంలో.

మీ అమ్మ లేచింది. నేను కొంగు పట్టుకున్నాను. "ఇడువు, నాకు ఏ కొమ్మ ఎప్పుడిరుగుతదో ఎరికే" అని నా చేయి విదిలించింది. గోనెసంచి మడిచి తల మీద వేసుకుంది. పెద్ద చెట్ల కింద నుంచి పోలేదు, నడుమ ఖాళీ బాట పట్టుకుని, వంగి పోయింది. కట్టు చేయి కడుపుకు ఆనించుకుని, రెండో చేత్తో ఆయన చొక్కా కాలరు పట్టి లాగింది. ఆయన బుట్ట వదలలేదు. మీ అమ్మ ఆ బుట్టను కాలితో తన్నింది. కాయలన్నీ దొర్లాయి. ఇద్దరూ కంచె దాకా వచ్చారో లేదో, వెనక పెద్దచెట్టు మీద పిడుగు పడింది. ఆయన ఎక్కడ ఏరుతున్నాడో, ఆ చెట్టే.

ఇద్దరూ పడిపోయారు. ఇద్దరూ పోయారనుకున్నాను. ఆయన ముందు కదిలాడు. తర్వాత మీ అమ్మ లేచి కూర్చుని మా అందరి ముఖాలూ చూసింది. "నోర్లు ఆడిస్తున్నరు, మాట్లాడరేందే?" అంది. మేమందరం అరుస్తూనే ఉన్నాం సుమా.

తోటలో కాయ లేదు. అంతా నేల మీదే. మర్నాడు ఈయన వాడకు పోయి ఇంటింటి ముందూ నిలబడ్డాడు. "ఏరుకపోండ్రి, నా ఇంటిది ఒట్టు వెట్టింది" అన్నాడు. ఏరుకుపోయారు. ఈ ఏడు మాకు ఏమీ మిగల్లేదు, అయినా నాతో ఒక్క మాట అనలేదు. పొద్దుటి నుంచి మీ అమ్మ గురించి ఒకటే అడుగుతున్నాడు, "గంగవ్వకు ఇనవడుతున్నదా?" అని. ఏం చెప్పమంటావు?

మెహజబీన్


సిరిసిల్ల
మే 30

మెహజబీన్‌కు,

వినబడడం లేదు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి చిరిగిందన్నారు డాక్టర్లు. ఒకటి మెల్లగా మానవచ్చట. రెండోది కష్టమట. ఈ మాట తాజుద్దీన్ అన్నకు నెమ్మదిగా చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదు, నీ మీద అసలే లేదు. ఆ రోజు నువ్వు కట్టు తిప్పకపోతే అరుగు మీద కూర్చున్న అంతమంది చెట్ల కింద ఉండేవాళ్లు.

నేను సెలవు పెట్టాను. అమ్మను జాన్ దగ్గరే ఉంచి చూసుకుంటున్నాను. హెచ్చరికలు వీరేందర్ చదువుతున్నాడు.

నీకొకటి చెప్పాలి. ఇన్నేళ్లూ నేను ఒకటే కోరుకున్నాను, మా అమ్మకు భయం పుట్టాలని. గాలి అంటే, మెరుపు అంటే భయపడితే చాలు, బతుకుతుంది అనుకునేదాన్ని. ఇప్పుడు పుట్టింది. సాంచా మొదలైతే చప్పుడు వినబడదు గానీ నేల అదురుతుంది కదా, ఆ అదురుకు ఉలిక్కిపడి నా చేయి పట్టుకుంటుంది. ఉరిమిందనుకుంటుంది. రోజంతా నేల అదురుతూనే ఉంటుంది ఇక్కడ. కిటికీ వైపు చూస్తుంది, తలుపు వైపు చూస్తుంది, నిద్రలో కూడా కాలు చాపదు, ముడుచుకుని పడుకుంటుంది. రాళ్లవానలోకి నడిచిపోయిన మనిషే ఈమె. నేను కోరుకున్నది ఇదేనా అని ఏడుపొస్తోంది. ఆమెను ఇట్లా చూడలేకపోతున్నానే.

నిన్న ఇక్కడికీ హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం వీరేందర్ గొంతు జాన్ ఫోనులో మోగింది, సిరిసిల్ల, వేములవాడ మీద గాలి, రాళ్లు అని. వాకిట్లో నూలు ఆరేసి ఉంది. గల్లీలో ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నారు, పిల్లలు ఆడుతున్నారు. జాన్ చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. "రోజు చెప్తనే ఉంటరు" అన్నారు. అమ్మకు ఎట్లా చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియక నేను గడపలో నిలబడ్డాను.

ఆమె నా ముఖం చూసింది, చూసి లేచింది. వణుకుతూనే గోడ పట్టుకుని వాకిట్లోకి పోయి అరిచింది. "లోపటికి రాండ్రి! నా బిడ్డ మొఖం సూడుండ్రి, గాలి అత్తున్నది! లేవుండ్రి!" తన గొంతు తనకు వినబడదు కదా, ఎంత గట్టిగా అరుస్తోందో ఆమెకు తెలియదు. సాంచాల చప్పుడు మీద నుంచి గల్లీ చివరి దాకా వినబడింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏమైందోనని అందరూ పరుగెత్తుకొచ్చారు, వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆ కట్టు చేతితోనే లోపలికి నెట్టింది.

జాన్ ఇల్లు ఎంతుంటుందో నీకు తెలుసు. నిలబడే చోటు లేదు. పిల్లలను మంచం మీదికి ఎక్కించాం. గాలి వచ్చింది. ఎదురింటి రేకులు లేచిపోయి, ఇంతసేపూ ఆడవాళ్లు కూర్చున్న అరుగు మీదే పడ్డాయి. అందరూ కేకలు వేశారు, పిల్లలు ఏడ్చారు. అమ్మకు ఏదీ వినబడలేదు. మూలకు కూర్చుని నా కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆగిందా బిడ్డా?" అని అడిగింది.

లేదని తల ఊపాను.

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాను. ఆగేదాకా అడుగుతూనే ఉంది, నా కొంగు వదలలేదు.

సుమ